పిలిచిన భాష యేది?

“తెలుగు పేటల స్త్రీలు పరీక్షకు రారు, ఎంత చెప్పినను వినరు” అను మాటను ఆరోగ్యశాఖ ఉద్యోగుల నోట మేము పలుమారులు వినియున్నాము. ఇక ఊరకుండుట తగదని యెంచి నేడు ప్రత్యుత్తరము వ్రాయుచున్నాము. వారు రాకపోవుట నిజమే కావచ్చును. పిలిచినవారెవరు? ఏ భాషలో పిలిచిరి? ఈ రెండు ప్రశ్నలకు బదులు చెప్పిన పిమ్మటనే మన తల్లులను నిందింపవలెను.

మేము చెప్పుచున్నది గర్భసంచి మూతికి వచ్చు క్యాన్సరును గూర్చి. 2022లో మన దేశమున ఈ వ్యాధి సుమారు 1,27,000 మందిలో క్రొత్తగా బయటపడినదనియు, సుమారు 80,000 మందిని బలిగొన్నదనియు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. హెచ్.పి.వి. అను వైరస్ దీనికి మూలమని కనుగొన్నందుకు జర్మన్ శాస్త్రజ్ఞుడు హారాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమానము లభించినది. వైరస్ సోకిన నాటినుండి క్యాన్సరుగా ముదురుటకు సాధారణముగా పదియేండ్లకు పైగా పట్టును. ఆ కాలమంతయు నొప్పి యుండదు. కనుకనే నొప్పి లేనప్పుడే పరీక్ష కావలెను. నొప్పి వచ్చిన తరువాత పోయినచో తరచు ఆలస్యమే యగును.

ఈ పరీక్షకు పెద్ద యంత్రములు కావలెనా? వలదని మన యెదుటనే రుజువైనది. ఇంట తెలుగు మాటాడు కుటుంబములు తరతరములుగా వసించుచున్న దిండిగల్ జిల్లాలో, 2000వ సంవత్సరమునుండి డాక్టర్ ఆర్. శంకరనారాయణన్ బృందము 30 మొదలు 59 ఏండ్ల స్త్రీలపై పరిశోధన సాగించినది. శిక్షణ పొందిన నర్సులు పలుచని వినిగరు వంటి ఆమ్లమును పూసి, ఒక్క నిమిష మాగి, తెల్లబారిన చోటును కంటితో గుర్తించిరి. అర్హులైన 49,311 మందిలో 31,343 మంది పరీక్షకు వచ్చిరి. పరీక్ష జరుగని గ్రామములతో పోల్చగా, పరీక్ష జరిగిన గ్రామములలో వ్యాధి 25 శాతము, మరణములు 35 శాతము తగ్గినవని 2007లో ప్రకటించిరి. పల్లెటూరి స్త్రీ పరీక్షకు రాదను మాటకు ఇంతకన్న గట్టి ఖండన మేమి కావలెను? గౌరవముగా పిలిచి, విడమరచి చెప్పినచో నూటికి అరువదిమందికి పైగా వచ్చిరి!

ఒకనాటి హైదరాబాదు రాష్ట్రములోనిదైన ఉస్మానాబాదు జిల్లాలోనూ ఇట్టి పరిశోధనయే జరిగినది. ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష జరిగిన వర్గమున 34 మంది ఈ వ్యాధితో మరణింపగా, దాదాపు సమసంఖ్య గల పరీక్ష లేని వర్గమున 64 మంది మరణించిరని 2009లో ప్రకటించిరి. ఈ అంకెలు మన పల్లెల స్త్రీల ప్రాణములతో వ్రాయబడినవి. అట్లు సంపాదించిన జ్ఞానమును ఆ పల్లెలకే తిరిగి యిచ్చుట ప్రభుత్వముల ఋణము. ఆ ఋణము తీరినదా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఎన్నడైనను ఈ పరీక్ష జరిగినవారు దేశమున నూటికి ఇద్దరైనను లేరు. తక్కినవారందరును పిలుపు నిరాకరించిరని ఎవరు చెప్పగలరు?

అర్థము కాని సమ్మతి సమ్మతి కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్.పి.వి. టీకాలు వేసినప్పుడు, పలుచోట్ల తలిదండ్రులకు బదులు వసతిగృహముల వార్డెనులు సంతకములు చేసిరి. 2010లో ఆ కార్యక్రమము నిలిచిపోయినది. 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘము దానిని తీవ్రముగా ఖండించినది. బాలికల మరణములకు టీకా కారణము కాదని విచారణలో తేలినను, పోయిన నమ్మకము తిరిగి రాలేదు. తెలుగునాటనే ఇట్లు జరిగినప్పుడు, ఇరుగుపొరుగు రాష్ట్రములలో చదువురాని తెలుగు తల్లి అర్థము కాని కాగితముపై వ్రేలిముద్ర వేయుటకు జంకినచో అది మూఢత్వమా, వివేకమా?

తప్పు మనలోను కలదు. 1956 నాటి భాషాల్పసంఖ్యాకుల రక్షణలను చూపి తెలుగు ప్రకటనలు కోరుట న్యాయమే. కాని మన యిండ్లలో తెలుగు మాటాడువారు పలువురు తెలుగు చదువలేరు; చదువగలవారికైనను “గర్భాశయ ముఖద్వారము” అన్న మాట అర్థము కాదు. కరపత్రము అచ్చువేసి చేతులు దులుపుకొన్నచో ఒక్క ప్రాణమును నిలువదు. కావలసినది నోటిమాట, అందును మన పేటలో పలుకు యాసలోని మాట. ఇక “ఆ చోటి జబ్బు మాట పదిమందిలో ఎత్తరాదు” అని కోడండ్ల నోరు మూయించు పెద్దలకు మేము చెప్పునది ఒక్కటే: మీరు కాపాడుచున్నది పరువు కాదు, వ్యాధిని.

ముంబయి మురికివాడలలో 1998లో మొదలైన పరిశోధనలో పదవ తరగతి చదివిన స్త్రీలకే నాలుగు వారముల శిక్షణ నిచ్చి ఈ పరీక్ష చేయించిరి. మరణములు 31 శాతము తగ్గినవి. అట్టి చదువు గల ఆడపడుచులు మన ప్రతి పేటలోను కలరు. వారికి శిక్షణ నిండని ప్రభుత్వములను కోరుచున్నాము. వ్రేలిముద్రకు ముందు ఇంటిభాషలో విడమరచి చెప్పుడని కోరుచున్నాము. తెల్లమచ్చ కనబడిన స్త్రీకి చీటీ యిచ్చి పంపివేయక, చికిత్స ముగియువరకు వెంటనుండుడని కోరుచున్నాము. చికిత్స లేని పరీక్ష భయమును పంచుటయే యగును.

మన శాఖలకు కోరిక వేరు. ప్రతి శాఖయు ఇద్దరు స్త్రీలను ఎన్నుకొని, పరీక్షకు పోవు అక్కచెల్లెండ్రకు తోడుగా పంపవలెను. మొదట కార్యవర్గ సభ్యుల యిండ్లనుండియే బయలుదేరవలెను. మన యింటి తల్లి కదలనిచో పొరుగింటి తల్లికి చెప్పు హక్కు మనకు లేదు.