ఆ నీళ్ళు మురికివి కావండీ

మా హాల్లో చేపల తొట్టి చూసిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది ఒకటే. "ఏంటండీ, నీళ్ళు మార్చడం లేదా?" అని. నీళ్ళు పల్చటి టీ రంగులో ఉంటాయి మరి, అడుగున ఎండుటాకులు కూడానూ. మా ఆడపడుచైతే ఒకసారి చెయ్యి పెట్టి ఆకులు తీసెయ్యబోయింది. ఇల్లాలికి మార్కులు వెయ్యడానికి గోడ మీద బూజు, గ్యాస్ గట్టు సరిపోవన్నట్టు ఇప్పుడు చేపల తొట్టి కూడా చేరింది.

ఆ రంగు మురికి కాదు. చుట్టాలొస్తున్నారని దాన్ని నేను కడగను.

అవి బాదం ఆకులు. పాయసంలో వేసే బాదం కాదండోయ్, వీధుల్లో గొడుగులా పరుచుకునే నాటు బాదం. చిన్నప్పుడు రాయి పెట్టి కాయ కొట్టుకుని పప్పు తినేవాళ్ళమే, అదే చెట్టు. మా అమ్మమ్మ ఆ ఆకులతో విస్తళ్ళు కుట్టేది. రాలి ఎండిన ఆకుని నీళ్ళలో వేస్తే అందులోని టానిన్లు మెల్లగా దిగుతాయి. టీకి వగరు వచ్చేదీ వాటివల్లే. కరక్కాయ, తానికాయ ఈ బాదానికి దగ్గరి చుట్టాలు. కలంకారీ వాళ్ళు రంగు నిలవడానికి బట్టని ముందు నానబెట్టేది ఆ కరక్కాయ వగరులోనే. చీరకి పడితే మురిసిపోతాం, తొట్టిలో కనబడితే మొహం చిట్లిస్తాం!

మా అబ్బాయి తెచ్చుకున్నది ఫైటర్ చేప. దాని పుట్టిల్లు థాయ్‌లాండ్ వైపు వరిమళ్ళు, నిలవనీటి గుంటలు. 2019లో ఆ దేశం దాన్ని జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. మగచేప నీటి మీద, తేలే ఆకు దొరికితే దాని కింద, బుడగలతో గూడు కడుతుంది. గుడ్లకి కాపలా కాసేది కూడా తండ్రే. (ఇది చెప్పినప్పుడు మా వారు పేపరు చాటుకి వెళ్ళిపోయారు.) ఎర్రగా నీలంగా మెరిసే కార్డినల్ టెట్రాల ఊరు రియో నీగ్రో, అంటే నల్ల నది. అడవిలో కుళ్ళిన ఆకులవల్ల ఆ నీళ్ళకి టీ డికాషన్ రంగు. అద్దంలాంటి నీళ్ళు, కళ్ళు చెదిరే లైటు, నీలం గులకరాళ్ళు మన ముచ్చట కోసం. ఇలాంటి చేపలకి కావలసింది కాస్త నీడ, దాక్కోవడానికి ఓ మూల.

ఎదురింట్లో పండక్కి తొట్టి మొత్తం ఖాళీ చేసి, రాళ్ళు సబ్బుతో రుద్ది, కుళాయి నీళ్ళు నింపారు. తళతళలాడింది. మూడో రోజుకి చేపలు పోయాయి. వాళ్ళ చిన్నపిల్ల ఏడుపు మా ఇంట్లోకి వినిపించింది. చేప వదిలే మలినాన్ని విరగ్గొట్టే మేలుచేసే సూక్ష్మజీవులు ఆ రాళ్ళలో, ఫిల్టర్‌లోనే కాపురం ఉంటాయి. సబ్బు వాటిని బతకనివ్వదు, కుళాయి నీళ్ళలో క్లోరిన్ చేపల్నే బాధిస్తుంది.

అలాగని ఆకు సర్వరోగ నివారిణి అని నేననను. ఆకు వేశామని వారం వారం కొంత నీళ్ళు మార్చడం మానకూడదు. రంగున్నా అవతలి గోడ తేటగా కనబడాలి. తెల్లగా మసకబారి, కుళ్ళు వాసన వేస్తే అదీ అసలు మురికి, దానికి మొహమాటం అక్కర్లేదు. మన బోరునీళ్ళు గట్టివైతే ఒకటి రెండు ఆకులతో వాటి గుణం పెద్దగా మారదు కూడా.

వెయ్యాలనుకుంటే, దుమ్ముకొట్టుకుపోయిన మెయిన్ రోడ్డు ఆకులూ, పురుగుమందు కొట్టిన తోటవీ వద్దు. పచ్చివీ వద్దు. బాగా ఎండినవి కడిగి, వేడినీళ్ళలో కాసేపు నానబెట్టి, నలభై లీటర్లకి ఒక పెద్ద ఆకు చొప్పున మొదలుపెట్టండి. మొదట తేలుతుంది, కంగారుపడకండి, దానంతటదే మునుగుతుంది. ఈనెలు మాత్రం మిగిలాక తీసి కుండీలో వేసుకోండి. ఎండు జామాకులూ పనికొస్తాయి. గన్నేరు మాత్రం విషం, దాని జోలికి పోవద్దు.

ఈ ఆకుల్నే ప్యాకెట్లలో పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, చూశారా? మా వీధి చివర పొద్దున్నే ఊడ్చి తగలబెట్టేది అవే. ఈసారి ఆకు రాలే రోజుల్లో ఓ సంచీడు ఎక్కువే ఏరి ఎండబెడతాను. దగ్గర్లో ఉన్నవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళండి.