పంపేయడం సైన్యం హక్కు, కారణం చెప్పడం బాధ్యత

తెల్లవారుజామున నాలుగున్నరకి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరి రోడ్డెక్కినా పరుగు తీసే కుర్రాళ్లు ఎదురవుతారు. ఆర్మీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లో ముగించిన వాడికే పూర్తి మార్కులు. ఆ ఐదున్నర నిమిషాల కోసం రెండేళ్లు, మూడేళ్లు పరుగెడతారు. ఎంపికైన రోజున ఊళ్లో ఫ్లెక్సీ కడతారు, దండలు వేసి రైలెక్కిస్తారు. వీళ్లలో కొందరు ఏడాది తిరక్కుండానే నల్ల ట్రంకు పెట్టె మోసుకుంటూ తిరిగొస్తారు. ఆ రోజు స్టేషన్‌కి ఎవరూ రారు.

అలా వచ్చిన ఒక కుర్రాడి ఇంటికి ఈమధ్య వెళ్లాను. ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో రాసిన నంబరు ఇంకా చెరగలేదు. శిక్షణలో గోడ దూకుతుండగా మోకాలి లిగమెంటు తెగింది. వారాల తరబడి మిలిటరీ ఆసుపత్రి, ఆపైన సిక్ లీవు, తిరిగి వెళ్లాక కింది బ్యాచ్‌కి రిలిగేషన్, మళ్లీ అదే మోకాలు. చివరికి డిశ్చార్జి. వాళ్ల నాన్న ప్లాస్టిక్ కవర్లోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. ‘ఇందులో ఏటి రాసినారు బాబూ? మావోడు తప్పేటైనా చేసినాడా?’ అని అడిగాడు. కాగితం ఇంగ్లిషులో ఉంది. సమర్థుడైన సైనికుడిగా తయారయ్యే అవకాశం లేదు కాబట్టి పంపిస్తున్నామన్నది దాని సారాంశం. మోకాలి ఊసే లేదు.

తప్పేమీ చేయలేదని చెప్పాను. ఆయన నమ్మినట్టు కనిపించలేదు. ఆయన అనుమానంలో అర్థముంది. గాయపడి వచ్చిన కొడుకుని ఆ కాగితం చేతకాక వచ్చినవాడిగా నిలబెట్టింది. శిక్షణలో ఉన్న యువకుణ్ణి ఇంటికి పంపే అధికారం సైన్యానికి ఉండాల్సిందే. పంపుతూ అతని మీద వేసే ముద్రకు మాత్రం సైన్యం జవాబు చెప్పాలి. ఆ ముద్ర తప్పైతే దాన్ని చెరిపించుకునే దారి సామాన్యుడికి అందుబాటులో ఉండాలి.

ముందు చట్టం ఏం చెబుతోందో చూద్దాం. 1950 నాటి ఆర్మీ యాక్టు కింద చేరిన ఎవరినైనా డిశ్చార్జి చేసే పద్ధతిని 1954 నాటి ఆర్మీ రూల్స్‌లోని 13వ నిబంధన నిర్దేశిస్తుంది. శిక్షణ ముగించి, కసం పరేడ్‌లో ప్రమాణం చేసి, అటెస్టేషన్ పొందిన సైనికుడికి ఒక వరస, ఇంకా ఆ దశకు చేరని రంగ్రూట్‌కి మరో వరస. రంగ్రూట్ విషయంలో అన్ని రకాల డిశ్చార్జికీ కమాండింగ్ ఆఫీసర్ సంతకం చాలు. పరుగులో వెనకబడినవాడు, ఫైరింగులో తప్పినవాడు, జబ్బుపడి పదేపదే రిలిగేట్ అయినవాడు, అందరూ ఒకే గాటన ‘సమర్థుడు కాలేడు’ అన్న మాటతో బయటికి వచ్చే ప్రమాదం ఇక్కడే ఉంది.

అదే కుర్రాణ్ణి మెడికల్ బోర్డు ముందు నిలబెట్టి పంపితే కథ ఇంకోలా నడుస్తుంది. దాన్ని ‘ఇన్వాలిడ్ అవుట్’ చేయడం అంటారు. అప్పుడు బోర్డు ఒక ప్రశ్నకు జవాబు రాయాలి: ఈ వైకల్యం సైనిక సేవ వల్ల వచ్చిందా, లేక సేవ వల్ల ముదిరిందా? అవునని రాస్తే వైకల్య పింఛను వస్తుంది. ఆ పింఛను ఉంటే మాజీ సైనికుడి గుర్తింపు కూడా దక్కుతుంది. రెండూ కాదని రాస్తే ఆ తలుపులు మూసుకుంటాయి. అంటే తెగిన లిగమెంటు ఒక్కటే, రాసే మాటను బట్టి మూడు బతుకులు. మొదటివాడు సైనికుడిగా గాయపడినవాడు. రెండోవాడు తన జబ్బు తాను తెచ్చుకున్నవాడు. మూడోవాడు అసలు పనికిరానివాడు.

అగ్నివీరుల విషయంలో ఈ మాటకు ఇంకా బరువు పెరిగింది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్‌లో పింఛను లేదు. సేవ వల్ల వైకల్యం వచ్చిందని తేలితే తీవ్రతను బట్టి 44 లక్షలు, 25 లక్షలు లేదా 15 లక్షల రూపాయల ఏకమొత్తం, దానితో పాటు మిగిలిన కాలానికి జీతం ఇస్తారు. సేవతో సంబంధం లేదంటే అప్పటిదాకా జమైన సేవానిధితో సరిపెట్టుకోవాలి. నాలుగేళ్ల ఉద్యోగంలో తొలి నెలల్లోనే దెబ్బ తగిలిన పంతొమ్మిదేళ్ల కుర్రాడికి బోర్డు రాసే ఒక్క వాక్యం విలువ లక్షల్లో ఉంటుంది.

ఈ వాక్యాన్ని ఎలా రాయాలో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. ధరమ్‌వీర్ సింగ్ 1985లో సైన్యంలో చేరి, మూర్ఛ వ్యాధి కారణంగా 1994లో బయటికి వచ్చాడు. జబ్బు సేవ వల్ల రాలేదంటూ పింఛను నిరాకరించారు. 2013లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. చేర్చుకునేటప్పుడు మీరే పరీక్షించి ఆరోగ్యవంతుడని రాసుకున్నారు, అప్పటి రికార్డులో జబ్బు ప్రస్తావన లేనప్పుడు అది సేవలోనే వచ్చిందని భావించాలి, కాదంటే కారణాలు మీరే చూపాలి అన్నది ఆ తీర్పు సారం. 1982 నాటి ఎంటైటిల్‌మెంట్ రూల్సే ఈ మాట చెబుతున్నాయి. రుజువు చేసే భారం సైనికుడి మీద పెట్టకూడదనీ, సందేహం ఉంటే ప్రయోజనం అతనికే ఇవ్వాలనీ వాటిలో ఉంది. 2014లో సుఖ్వీందర్ సింగ్ కేసులో కోర్టు మరో మెట్టెక్కింది. వైకల్యం కారణంగా ఒక సైనికుణ్ణి బయటికి పంపారంటేనే అది 20 శాతం దాటి ఉందని భావించాలని చెప్పింది. ఉద్యోగం పోయేంత పెద్ద గాయం, పింఛను దగ్గరికి వచ్చేసరికి చిన్నదైపోకూడదన్నది అందులోని న్యాయం.

తీర్పులు ఇంత స్పష్టంగా ఉన్నా ట్రిబ్యునళ్ల ముందు ఇవే వాదనలు ఏళ్ల తరబడి నడుస్తూనే ఉన్నాయి. 2023 సెప్టెంబరు నుంచి కొత్త ఎంటైటిల్‌మెంట్ నిబంధనలు కూడా అమల్లోకి వచ్చాయి. పాత నిబంధనల కింద కోర్టులు స్థిరపరిచిన రక్షణ కొత్తవాటి కింద పలచబడకుండా చూడటం ఇప్పుడు అవసరం.

ఆఫీసర్ శిక్షణలో ఉన్నవారి పరిస్థితి మరీ విచిత్రం. రంగ్రూట్ చేరిన రోజు నుంచే ఆర్మీ యాక్టు పరిధిలోకి వస్తాడు. నేషనల్ డిఫెన్స్ అకాడమీ లాంటి చోట్ల శిక్షణ పొందే క్యాడెట్‌కి కమిషన్ దక్కేదాకా సైనికుడన్న గుర్తింపే లేదు. అందుకే శిక్షణలో వెన్నెముక విరిగి చక్రాల కుర్చీకి పరిమితమైనా అతనికి పింఛను లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. నెలకు 9,000 రూపాయల ఎక్స్‌గ్రేషియా, నూరు శాతం వైకల్యానికి మరో 16,200 రూపాయలు, ఇదీ 2017లో సవరించిన లెక్క. 1985 నుంచి ఇలా బయటికి వచ్చిన క్యాడెట్లు సుమారు 500 మంది ఉంటారని ఒక జాతీయ పత్రిక బయటపెట్టాక 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టింది. జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ ఆర్.మహదేవన్‌ల ధర్మాసనం కేంద్రాన్ని నిలదీసింది. ఆ తర్వాతే మాజీ సైనికుల ఆరోగ్య పథకం, ఇ.సి.హెచ్.ఎస్., వాళ్లకు వర్తింపజేశారు. ఏ ద్వారం గుండా సైన్యంలోకి వచ్చాడన్న దాన్ని బట్టి విరిగిన ఎముకకు విలువ కట్టే పద్ధతి ఏ తర్కానికీ నిలవదు.

ఇతర దేశాలు దీన్ని ఎలా చూశాయి? అమెరికాలో తొలి నెలల్లోనే వెనుదిరిగిన రంగ్రూట్‌కి మంచి, చెడు ఏ విశేషణమూ తగిలించకుండా డిశ్చార్జి ఇచ్చే పద్ధతి ఉంది. ఇంత తక్కువ కాలంలో మనిషిని తూచలేమన్నది దాని వెనక ఆలోచన. ఆ ఖాళీ కూడా కొందరికి ఉద్యోగాల్లో అడ్డం పడుతుంటుంది. అయితే డిశ్చార్జి స్వభావాన్ని మార్చమని అడగడానికి అక్కడ ప్రత్యేకంగా రివ్యూ బోర్డులు ఉన్నాయి, 15 ఏళ్ల వరకు అర్జీ పెట్టుకోవచ్చు. అర్జీకి ఒక ఫారం ఉంది. ఆ వ్యవస్థలో లోపాలు లేకపోలేదు. కానీ ‘నా మీద రాసింది తప్పు’ అని చెప్పుకోవడానికి ఒక గుమ్మం ఉందన్న సంగతి అక్కడి రంగ్రూట్‌కి తెలుస్తుంది. మన దగ్గర దారులున్నాయి, దారి చూపే బోర్డులే లేవు.

ఆ దారులు ఇవీ. వైకల్య పింఛను నిరాకరిస్తే ముందు శాఖాపరంగా మొదటి అప్పీలు, అక్కడా కాదంటే రెండో అప్పీలు. ఆ తర్వాత 2007 చట్టం కింద ఏర్పడిన సాయుధ బలగాల ట్రిబ్యునల్. మన రెండు తెలుగు రాష్ట్రాలూ దాని చెన్నై ప్రాంతీయ ధర్మాసనం పరిధిలోకి వస్తాయి. అర్జీకి ఆరు నెలలు గడిచినా జవాబు రాకపోతే ట్రిబ్యునల్ తలుపు తట్టొచ్చు. తుది ఉత్తర్వు వచ్చాక ఆరు నెలల గడువుంటుంది, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉంది. పింఛను నెలనెలా దక్కాల్సింది కాబట్టి ఏళ్లు గడిచినంత మాత్రాన హక్కు చచ్చిపోదనీ, బకాయిలు మాత్రం మామూలుగా మూడేళ్లకే పరిమితమవుతాయనీ 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకు వెళ్లే వీలుందని 2023లో మరోసారి తేల్చింది.

ఈ మెట్లన్నీ ఎక్కడానికి కావలసింది కాగితాలు. చేర్చుకున్ననాటి వైద్య పరీక్ష పత్రం, ఆసుపత్రి కేస్ షీట్లు, గాయం నివేదిక, మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్. ఆ కుర్రాడి ట్రంకులో వీటిలో ఒక్కటీ లేదు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో రికార్డ్ ఆఫీసుకు రాయాలని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లడానికి తండ్రికి మొహం చెల్లడం లేదు. ‘మావోడు ఎక్స్‌సర్వీస్‌మన్ కాదు గదా’ అన్నాడు. సైనిక కుటుంబాలకు ఉచిత న్యాయ సహాయం కోసం 2025 జులైలో జాతీయ న్యాయ సేవల సంస్థ వీర్ పరివార్ సహాయతా యోజన ప్రారంభించింది. శిక్షణ నుంచి వెనుదిరిగిన వాళ్లకు కూడా అది అందితేనే ఆ పేరుకు సార్థకత.

యుద్ధానికి సిద్ధం చేసేచోట జాలికి తావిస్తే రేపు పక్కనున్న సైనికుడి ప్రాణం మీదికి వస్తుందని కొందరు మాజీ అధికారులు అంటారు. ఆ మాటను నేను గౌరవిస్తాను. పరుగెత్తలేనివాణ్ణి లడఖ్ కొండల మీదికి పంపమని ఎవరూ అడగరు. వైకల్య పింఛను దుర్వినియోగం అవుతోందన్న వాదన కూడా ఉంది. అది ప్రధానంగా ఇరవై, ముప్పై ఏళ్ల సర్వీసు ముగించుకుని విరమణ సమయంలో చూపే జబ్బుల గురించి. ఆ అనుమానాన్ని తెచ్చి, ఆర్నెల్ల కిందట మీ డాక్టర్లే అన్ని రకాలుగా పరీక్షించి చేర్చుకున్న పంతొమ్మిదేళ్లవాడి మీద రుద్దడం అన్యాయం. శిక్షణ ఎంత కఠినంగా ఉంటే గాయాలూ అంత సహజం. ఆ కాఠిన్యం దేశానికి అవసరమైనప్పుడు దాని ఖర్చు కూడా దేశానిదే.

చేయాల్సినవి కూడా పెద్ద పనులేమీ కావు. శిక్షణలో గాయపడి, చికిత్స వల్ల వెనకబడిన ఏ రంగ్రూట్‌నీ మెడికల్ బోర్డు ముందుకు పంపకుండా ‘సమర్థుడు కాలేడు’ అన్న కారణంతో డిశ్చార్జి చేయకూడదని సైన్యం స్పష్టమైన ఆదేశం ఇవ్వాలి. బోర్డు ప్రొసీడింగ్స్, ఆసుపత్రి పత్రాల నకళ్లు గేటు దాటేలోపే చేతికివ్వాలి. ఎవరికి, ఎన్నాళ్లలో అప్పీలు చేసుకోవాలో ఒక పేజీలో రాసివ్వాలి. హైదరాబాద్ ఆర్టిలరీ సెంటర్ నుంచి సికింద్రాబాద్ ఇ.ఎం.ఇ. సెంటర్ దాకా ప్రతి శిక్షణ కేంద్రంలో ఈ పని చేయగల గుమాస్తాలు ఉన్నారు. క్యాడెట్లకు కూడా రంగ్రూట్లతో సమానంగా సేవా హోదా ఇస్తూ చట్టం సవరించాలి.

అన్నిటికన్నా ముందు, ఉన్న చట్టాన్ని అక్షరాలా పాటించాలి. ఆర్మీ యాక్టులోని 23వ సెక్షన్ తీసి చూడండి. డిశ్చార్జి అయిన ప్రతి సైనికుడికీ కమాండింగ్ ఆఫీసర్ ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. ఎవరి అధికారంతో పంపారు, ఏ కారణంతో పంపారు, ఎంత కాలం పనిచేశాడు అన్న మూడు సంగతులు అందులో ఉండాలి. అది అతని మాతృభాషలోనూ, ఇంగ్లిషులోనూ ఉండాలి. గణతంత్రం వచ్చిన ఏడాదే పార్లమెంటు ఈ మాట రాసింది. ఊళ్లో కూర్చుని ఆ కాగితం చదవబోయే తల్లిదండ్రులను అప్పటి శాసనకర్తలు మరచిపోలేదు.

డెబ్బై అయిదేళ్లు దాటాయి. ఆ సెక్షన్ మాట తప్పకుండా అమలై ఉంటే, ఒక తండ్రి ఆ కాగితాన్ని పరాయివాడి చేతిలో పెట్టి కొడుకు తప్పేమిటని అడిగేవాడు కాదు. శిక్షణలో మోకాలికి దెబ్బ తగిలింది, అందుకే పంపుతున్నాం అన్న ఒక్క తెలుగు వాక్యం అందులో ఉంటే ఆయనే కూడబలుక్కుని చదువుకునేవాడు. అడిగినవాళ్లకు చదివి వినిపించేవాడు కూడా.