ఫిన్‌టెక్ ఎంబీఏ: పేరు చూసి కాదు, లెక్క చూసి చేరాలి

డిగ్రీ ఫైనలియర్ పరీక్షలు అయిపోగానే బీకాం పిల్లలున్న ఇళ్లలో ఒకటే చర్చ. ఐసెట్ రాయించాలా, ఏదైనా ఉద్యోగంలో పెట్టాలా? ఈ మధ్య దానికి ఇంకో ప్రశ్న తోడైంది. మామూలు ఎంబీఏ ఫైనాన్స్ తీసుకోవాలా, కాలేజీలు కొత్తగా పెడుతున్న ‘ఫైనాన్స్ అండ్ ఫిన్‌టెక్’లో చేరాలా? ముస్లిం కుటుంబాలకు ఇక్కడ ఫీజుతో పాటు మరో లెక్క కూడా ఉంది. చదువు కోసం చేసే అప్పులో వడ్డీ ఒకటి, చదివాక దొరికే ఉద్యోగంలో వడ్డీ రెండోది. కాలేజీ బ్రోచర్‌లో ఈ రెండింటి ఊసే ఉండదు.

కోర్సులో ఏముంటుంది?

ఫోన్‌లో డబ్బు పంపడం, ఆన్‌లైన్‌లో కేవైసీ చేసి ఖాతా తెరవడం, యాప్‌లో లోన్ మంజూరు చేయడం, అనుమానాస్పద లావాదేవీని వెంటనే పట్టుకోవడం. వీటి వెనక నడిచే పనినే ఫిన్‌టెక్ అంటున్నారు. కోర్సులో చాలా భాగం పాత ఫైనాన్సే. అకౌంట్స్, కార్పొరేట్ ఫైనాన్స్, రిస్క్, ఇన్వెస్ట్‌మెంట్లు ఎలాగూ ఉంటాయి. వాటికి పేమెంట్ వ్యవస్థలు, డేటా అనలిటిక్స్, కొంత పైథాన్, ఎస్‌క్యూఎల్, ఆర్‌బీఐ నిబంధనలు కలుపుతారు. ఈ కలిపిన భాగాన్ని ల్యాబ్‌లో చేయిస్తే విలువ ఉంది. స్లైడ్లు చూపించి వదిలేస్తే ఇది పేరు మారిన ఎంబీఏ ఫైనాన్సే.

యూపీఐ ఉచితం, మరి జీతాలు ఎక్కడివి?

యూపీఐ 2016 ఏప్రిల్‌లో మొదలైంది. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. ఇంత పెద్ద వ్యాపారమైతే ఉద్యోగాలకు కొదవ ఉండదని అనిపిస్తుంది. కానీ 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుపై దుకాణదారు దగ్గర వసూలు చేసే రుసుము, అంటే ఎండీఆర్, సున్నా. దానికి బదులుగా కేంద్రం కొంత ప్రోత్సాహకం ఇస్తోంది. 2024-25కు రూ.1,500 కోట్లు కేటాయించింది. చిన్న దుకాణాల్లో రూ.2,000 లోపు చెల్లింపులకు ఇచ్చేది 0.15 శాతం.

అందుకే కంపెనీలు ఆదాయం కోసం వేరే దారులు వెతుక్కున్నాయి. సౌండ్‌బాక్స్ అద్దె, బీమా, మ్యూచువల్ ఫండ్లు, అన్నిటికంటే ముఖ్యంగా లోన్లు. పేమెంట్ యాప్ తెరిస్తే ‘మీకు లోన్ సిద్ధం’ అని మెసేజ్ రావడానికి కారణం ఇదే. కాబట్టి ఈ రంగంలో చేరే పిల్లలకు మొదట ఎదురయ్యే ఉద్యోగాల్లో చాలా వరకు అప్పుల చుట్టూ తిరిగేవే.

లోన్ల పక్కనే ఇంకో రకం పని కూడా పెరిగింది. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2021 జనవరిలో ఆర్‌బీఐ వర్కింగ్ గ్రూప్ వేసింది. 2022 సెప్టెంబరులో డిజిటల్ లెండింగ్ మార్గదర్శకాలు వచ్చాయి. డబ్బు నేరుగా అప్పు తీసుకునేవారి ఖాతాలోనే పడాలి, మొత్తం ఖర్చు ముందే చూపించాలి, ఫోన్‌లోని కాంటాక్టులను యాప్ ముట్టుకోకూడదు. 2024 జనవరిలో నిబంధనలు పాటించలేదని పేటీఎం పేమెంట్స్ బ్యాంక్‌పై ఆర్‌బీఐ తీసుకున్న చర్య అందరికీ గుర్తుంది. ఆ తర్వాత కంప్లయన్స్, ఆడిట్, మోసాల నిఘా తెలిసిన మనుషుల విలువ కంపెనీలకు తెలిసొచ్చింది.

హలాల్ ప్రశ్న

వడ్డీ తీసుకునేవారు, ఇచ్చేవారితో పాటు ఆ పత్రం రాసేవారినీ, సాక్షులనూ హదీసు హెచ్చరిస్తుంది. కాబట్టి తల్లిదండ్రుల భయం ఊరికే వచ్చింది కాదు. అలాగని రంగం మొత్తాన్ని ఒకే గాటన కట్టేయడమూ సరికాదు. లోన్లు అమ్మడం, కలెక్షన్ ఒక రకం పని. పేమెంట్ల రీకన్సిలియేషన్, కేవైసీ, మోసాలు పట్టడం, డేటా భద్రత మరో రకం. ‘ఫిన్‌టెక్ హలాలా?’ అని మొత్తంగా అడిగితే జవాబు దొరకదు. చేయబోయే పని ఏమిటో రాసుకుని ముఫ్తీ సాబ్‌ను అడిగితే సూటిగా చెప్పగలరు.

మన దేశంలో ఇస్లామిక్ బ్యాంకు ఉద్యోగం వస్తుందని ఆశపెట్టుకోవడం మాత్రం దండగ. 2008లో రఘురాం రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌ను సిఫార్సు చేసినా, దాన్ని ముందుకు తీసుకెళ్లడం లేదని ఆర్‌బీఐ 2017లో తేల్చేసింది. ఆ అవకాశాలు బహ్రెయిన్, యూఏఈ, మలేషియాల్లో ఉన్నాయి.

సమాజానికి మాత్రం ఈ చదువు చదివినవాళ్లు కావాలి. 2019లో బెంగళూరులో ఐఎంఏ కుప్పకూలినప్పుడు, హలాల్ లాభం అన్న మాట నమ్మిన వేలాది ముస్లిం కుటుంబాల పొదుపు పోయింది. ఇలాంటి స్కీముల్లో డబ్బు పెట్టే ముందు బ్యాలెన్స్ షీట్ చదివి, సెబీ రిజిస్ట్రేషన్ ఏదని అడిగే మనిషి ప్రతి మొహల్లాకూ అవసరం.

సీటు, ఫీజు, అప్పు

ఐసెట్ 200 మార్కుల పరీక్ష. తెలంగాణ ఐసెట్‌లో అనలిటికల్ 75, మ్యాథ్స్ 75, కమ్యూనికేషన్ 50. మంచి ర్యాంకు వస్తే కన్వీనర్ కోటా సీటు వస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రీయింబర్స్‌మెంట్ ఉండదు. తెలంగాణలో మైనారిటీలకు ఈ పథకం ఆదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. అయితే బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే బంద్ పాటించాయి. ప్రభుత్వం ఎలాగూ కడుతుందన్న ధీమాతో చేరితే మధ్యలో ఇబ్బంది పడొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర్లో ప్రైవేటు కాలేజీల పీజీ కోర్సులను ఈ సాయం నుంచి తప్పించారు. అక్కడివాళ్లు చేరేముందు ఇప్పుడు అమల్లో ఉన్న ఉత్తర్వు ఏమిటో చూసుకోవాలి.

అందుకే ముందు యూనివర్సిటీ కాలేజీల వైపు చూడడం మేలు. ఉస్మానియాలో ఎంబీఏ ఉంది. ఉర్దూ చదువుకున్నవారికి గచ్చిబౌలిలోని మనూ ఉంది. యూనివర్సిటీ ఎంబీఏ ఫైనాన్స్‌కు పైథాన్, ఎస్‌క్యూఎల్ విడిగా నేర్చుకుని కలిపితే, లక్షలు పోసి కొన్న ఫిన్‌టెక్ పేరుకంటే తక్కువేమీ కాదు. ఇంటి పరిస్థితి బాగా లేకపోతే ముందు ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేసి, యూజీసీ అనుమతి ఉన్న ఆన్‌లైన్ ఎంబీఏ చేయొచ్చు.

ప్రైవేటు కాలేజీకే వెళ్లాలనుకుంటే అడ్మిషన్ ఆఫీసులో కొన్ని విషయాలు గట్టిగా అడగాలి. ఏఐసీటీఈ గుర్తింపు ఉందా? ఫిన్‌టెక్ సబ్జెక్టులు చెప్పేవాళ్లు ఎవరు, వాళ్లకు ఆ పని అనుభవం ఉందా? గత రెండేళ్లలో ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి, ఏ హోదాలో? అత్యధిక ప్యాకేజీ ఒక్కరిది. చివరి నుంచి పదో విద్యార్థికి ఎంత వచ్చిందో అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

ఇంకా డబ్బు తక్కువైతే చాలామంది బ్యాంకు లోన్‌కే వెళ్తున్నారు, ఎందుకంటే వేరే దారి చూపేవాళ్లు లేరు. మస్జిద్ కమిటీలు, ఊళ్లోని స్థితిమంతులు ఏడాదికి ఇద్దరు ముగ్గురు పిల్లలకైనా ఖర్జె హసనాగా ఫీజు సర్దుబాటు చేసి, ఉద్యోగం వచ్చాక వాయిదాల్లో తిరిగి తీసుకునే ఏర్పాటు చేయొచ్చు. కౌన్సెలింగ్ మొదలయ్యాక కాదు, ఐసెట్ దరఖాస్తులు పెట్టే రోజుల్లోనే ఈ మాట కదపాలి.