బడిగంటకు, సూర్యునికి నడుమ పిల్లల నిద్ర

న్యూఢిల్లీ: వాణిజ్య, న్యాయ, పరిపాలనా వ్యవహారాలన్నింటికీ భారత ప్రామాణిక కాలాన్నే తప్పనిసరి చేస్తూ కేంద్రం 2025 జనవరిలో ముసాయిదా నిబంధనలు వెలువరించింది. అయితే మనిషి శరీరంలోని గడియారం ఏ ప్రభుత్వ ఉత్తర్వుకూ లోబడేది కాదు.

మెదడులోని హైపోథాలమస్‌లో, దృష్టినాడులు కలుసుకునే చోటికి సరిగ్గా పైన, సుమారు 20 వేల నాడీకణాల గుంపు ఉంది. నిద్ర, మెలకువ, శరీర ఉష్ణోగ్రతల వేళలను నియంత్రించేది ఇదే. సగటున దీని సహజ చక్రం 24 గంటల కంటే కొద్ది నిమిషాలు ఎక్కువ. కంటిలో పడే వెలుతురు దానిని ప్రతిదినం సరిదిద్దుతుంది. చీకటి పడితే గాని నిద్రకు సంకేతమైన మెలటోనిన్ స్రవించదు. ఈ గడియారపు జన్యు యంత్రాంగాన్ని పండ్ల ఈగలలో ఛేదించిన హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది.

దేశం తూర్పు పడమరలుగా 29 డిగ్రీల రేఖాంశాల మేర విస్తరించింది. సూర్యుని లెక్కన ఇది దాదాపు రెండు గంటల వ్యత్యాసం. 82.5 డిగ్రీల ప్రామాణిక రేఖ కాకినాడ సమీపంగా సాగుతుంది గనుక మన కోస్తావాసులకు గడియారంతో పేచీ లేదు. ఇబ్బంది అంచులదే. అస్సాం తేయాకు తోటలు బ్రిటిష్ హయాం నుంచి గంట ముందున్న 'బాగాన్ సమయం' పాటిస్తున్నాయి. ఈశాన్యానికి వేరు కాలం కోరిన పిటిషన్‌ను గౌహతి హైకోర్టు 2017లో తోసిపుచ్చింది. బెంగాల్-అస్సాం సరిహద్దు వద్ద విభజించి గంట తేడాతో రెండు కాలాలు అమలు చేయవచ్చని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2018లో సూచించినా అది అమలుకు నోచుకోలేదు.

గడియారాన్ని జరపడం సులభమేమీ కాదు. విద్యుత్ కొరతతో 1996లో కాలాన్ని ముందుకు జరిపిన శ్రీలంక 2006లో తిరిగి పాత కాలానికే వచ్చింది. బంగ్లాదేశ్ 2009లో చేసిన ప్రయోగం ఆ ఏడాదితోనే ముగిసింది.

ఈ చర్చ యావత్తూ ఈశాన్యం, కరెంటు ఆదా చుట్టూనే తిరుగుతోంది. పడమటి మాట ఎత్తేవారు అరుదు. సూర్యాస్తమయం గంట ఆలస్యమైతే పిల్లల నిద్ర సుమారు అరగంట తగ్గుతోందని, చదువు దెబ్బతింటోందని, పేద కుటుంబాలలో ఈ నష్టం అధికమని ఆర్థికవేత్త మౌలిక్ జగ్నానీ భారతీయ గణాంకాల ఆధారంగా నిరూపించారు. కారణం స్పష్టమే: పడుకునే వేళను సూర్యుడు వెనక్కి జరుపుతున్నాడు, బడిగంట మాత్రం జరగడం లేదు. 2018 నాటి సూచన అమలైనా గుజరాత్, రాజస్థాన్ గడియారాలు ఉన్నచోటే ఉంటాయి. అక్కడి పిల్లలకు కావలసింది కొత్త కాలమండలం కాదు, కాస్త ఆలస్యంగా తెరిచే బడి. ఆ వేళలను నిర్ణయించే అధికారం రాష్ట్రాల చేతిలోనే ఉంది.