గాల్లో ఉన్న పిల్లలకు ఫోన్ చేయకండి

పిడుగురాళ్లలో రేడియోలు, టీవీలు బాగుచేసి బతికినవాణ్ణి, ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాను. మా అన్న కూతురు పైలట్ శిక్షణలో ఉంది. అది నడిపే సెస్నా 152 విమానంలో సీట్లు రెండే. పెద్ద విమానంలోనైతే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టమని చెప్పేవాళ్లుంటారు. ఈ చిన్న విమానంలో ఒంటరిగా ఎగిరేటప్పుడు ఆ పిల్లకు గుర్తుచేసేవాళ్లెవరు? అందుకే ఈ నాలుగు మాటలు.

మాచర్ల దగ్గర విజయపురి సౌత్ ఎయిర్‌స్ట్రిప్ మనకు తెలిసిందే. 2022 ఫిబ్రవరి 26న అక్కణ్ణుంచి లేచిన సెస్నా 152 పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర కూలి, ఒంటరిగా నడుపుతున్న శిక్షణార్థి చనిపోయింది. దానికీ ఫోన్‌కూ నేను ముడిపెట్టడం లేదు. ఆ విమానంలో ఒక్క మనిషి మీద ఎంత భారం ఉంటుందో మన ప్రాంతం కళ్లారా చూసిందని మాత్రం గుర్తుచేస్తున్నాను.

రేడియో పక్కన ఫోన్ పెడితే, రింగ్ రాకముందే స్పీకర్ గరగరమనడం చాలామంది వినే ఉంటారు. సిగ్నల్ బలహీనపడేకొద్దీ ఫోన్ మరింత పవర్‌తో టవర్‌ను వెతుక్కుంటుంది. చిన్న విమానంలో ఆ ఫోన్‌కూ, రేడియోకూ, హెడ్‌సెట్ వైరుకూ మధ్య ఉండేది మూరెడు దూరమే. కంట్రోల్ టవర్ చెప్పే ఎత్తులో ఒక్క అంకె ఆ గరగరలో కలిసిపోతే ఏం కావాలి? ఫోన్ స్పీకర్‌లోని అయస్కాంతం దగ్గరికొస్తే దిక్సూచి ముల్లు కూడా పక్కకు తిరుగుతుంది.

2003 జూన్ 6న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ దగ్గర ఒక చిన్న విమానం కూలి ఎనిమిది మంది చనిపోయారు. పైలట్ సొంత సెల్‌ఫోనే నావిగేషన్ పరికరాలకు అడ్డుపడి ఉండవచ్చని దర్యాప్తు నివేదిక చెప్పింది. 2014 మేలో అమెరికాలోని కొలరాడోలో సెస్నా 150 కూలి ఇద్దరు పోయారు. రాత్రిపూట తక్కువ ఎత్తులో ఎగురుతుండగా సెల్‌ఫోన్ వాడకంతో పైలట్ ధ్యాస చెదరడం ఒక కారణమై ఉంటుందని అక్కడి దర్యాప్తు సంస్థ తేల్చింది. అంటే ఫోన్ తరంగాలతోనే కాదు, కంటినీ చేతినీ లాక్కుని కూడా చంపగలదు.

ఫోన్లు, ట్యాబ్‌లు మానేయమనడం లేదు. మ్యాపులకూ వాతావరణ సమాచారానికీ అవి పనికొస్తాయి. జీపీఎస్ ఉపగ్రహాల సిగ్నల్ వింటుందే గానీ తనేమీ ప్రసారం చేయదు. కాబట్టి ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా దారి చూపిస్తుంది. మన దేశంలో ప్రయాణికుల విమానాల్లో ఫ్లైట్ మోడ్‌లో ఫోన్ల వాడకానికి 2014లోనే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి ఇచ్చింది.

శిక్షణ సంస్థలకు నా విన్నపం ఒక్కటే. ఇంజిన్ స్టార్ట్ చేసేముందు చదివే చెక్‌లిస్టులో ‘ఫోన్ ఫ్లైట్ మోడ్, దిక్సూచికి దూరం’ అన్న వరుస చేర్చండి. శిక్షకుడు ముందు తన ఫోన్‌తోనే అది చేసి చూపించాలి.

ఇక తల్లిదండ్రులారా, బిడ్డ ఎగిరే వేళ తెలుసుకోండి. ఆ వేళలో ఫోన్ చేయకండి, గాల్లోంచి వీడియో తీసి పంపమని అడగకండి. దిగాక తనే చేస్తుంది. అప్పటిదాకా ఓపిక పట్టడమే ఆ ప్రయాణంలో మనం చేయగల సాయం.