దవడ క్రింద జారిన చర్మము



ఈ నెల మాకు వచ్చిన ఉత్తరములలో ఒకటి మమ్మును చాలాసేపు ఆలోచింపజేసింది. వ్రాసిన తల్లికి 53 ఏండ్లు. కుమార్తె వివాహము ఆరు వారములలో ఉన్నది. నిశ్చితార్థపు ఫోటోలు చూచుకొన్న నాటినుండి ఆమెకు నెమ్మది లేదట. "గడ్డమునకు రెండు ప్రక్కల చర్మము సంచివలె జారింది. వియ్యపురాలు నాకంటె పెద్దది, ఫోటోలో నేనే ఆమెకు అక్కలాగ ఉన్నాను" అని వ్రాశారు. పట్టణములో ఒక క్లినిక్‌వారు కోత లేకుండ దారములు వేసి ముఖము పైకి లాగుతామని 60,000 రూపాయలు చెప్పారట. పెండ్లి భోజనములకని దాచిన చీటీ డబ్బు ఇంట్లో ఉన్నది. "అందులోనుండి తీయమంటారా, వద్దంటారా?" అని సూటిగా అడిగారు.

సామెతల గ్రంథము ఆఖరి అధ్యాయము చూపించి ఈ సహోదరిని గద్దించేవారు కొందరుంటారు. మేము ఆ పని చేయము. కూతురి పెండ్లినాడు నలుగురి ఎదుట నిలువబడవలసిన తల్లి తన ముఖమును గూర్చి తలంచుట తప్పేమీ కాదు. అయితే మూట విప్పకముందు ఆ డబ్బు ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలియాలి కదా.

ముఖము ఎందుకు జారుతుంది? చర్మములో కొల్లాజెన్ అనే గట్టి నారలు, ఎలాస్టిన్ అనే సాగే నారలు ఉంటాయి. వయస్సుతో ఇవి తగ్గుతాయి. ముట్లు ఆగిన తరువాత కొద్ది సంవత్సరములలో మరీ త్వరగా తగ్గుతాయి. ఎండ, పొగాకు ఈ నష్టమును పెంచుతాయి. (శ్రీకాకుళం, విశాఖ ప్రాంతములలో అడ్డపొగ త్రాగే అమ్మలకు ముడతల భయముకంటె నోటి పైకప్పుకు వచ్చే కేన్సరు భయము ముందుండాలి.) చెంపలలోని క్రొవ్వు క్రిందికి దిగుతుంది. లోపల దవడ ఎముక కూడ కొంత అరుగుతుంది. పందిరి గుంజ కుంగితే పైనున్న తాటాకు జారదా? అలాగే.

ఇక కోత లేని వైద్యముల సంగతి. ఒక రకము యంత్రములు చర్మము లోపలికి వేడిని పంపుతాయి. రేడియో తరంగములతో పనిచేసేవి కొన్ని, అల్ట్రాసౌండ్‌తో పనిచేసేవి కొన్ని. అల్ట్రాసౌండ్ యంత్రము చర్మము క్రింద 3, 4.5 మిల్లీమీటర్ల లోతున చిన్న చిన్న చుక్కలుగా 60 డిగ్రీలు దాటిన వేడిని పుట్టిస్తుంది. ఆ వేడికి పాత కొల్లాజెన్ ముడుచుకొంటుంది, గాయము మానే క్రమములో క్రొత్తది పుడుతుంది. అమెరికాలో మందులను, వైద్య పరికరములను పరిశీలించే ఎఫ్.డి.ఎ. సంస్థ ఇటువంటి యంత్రమునకు 2009లో కనుబొమలను ఎత్తుటకు, 2012లో మెడకు, గడ్డము క్రింది భాగమునకు అనుమతి ఇచ్చింది. కనుక ఇది మోసము కాదు. అయితే క్రొత్త కొల్లాజెన్ పుట్టుటకు రెండు మూడు నెలలు పడుతుంది. ఫలితము కొద్దిపాటిది. కొంచెము జారిన ముఖమునకే అది కనబడుతుంది, బాగా వ్రేలాడే చర్మమునకు కనబడదు. ఆరు వారములలో పెండ్లి ఉన్న తల్లికి ఇది అందనే అందదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు రేడియో తరంగముల యంత్రము దగ్గరకు పోరాదని కూడ గుర్తుంచుకోండి.

సహోదరి అడిగిన దారముల విషయము కొంచెము వివరముగా చెప్పాలి. ఇవి శస్త్రచికిత్సలో లోపలి కుట్లకు వాడే కరిగిపోయే దారముల జాతివే. వీటికి ముండ్లవంటి చిన్న కొక్కెములుంటాయి. మత్తు ఇచ్చి, సూదితో చర్మము క్రిందికి దూర్చి, పైకి లాగి వదులుతారు. లేచివచ్చిన భాగము వెంటనే కనబడుతుంది, అందుకే ఈ వైద్యమునకు గిరాకీ. ఎక్కువగా వాడే రకపు దారము సుమారు ఆరు నెలలలో కరిగిపోతుంది. పైకి లాగిన బిగువు చాలామందిలో ఏడాది తిరగకముందే సడలుతుంది. వాపు, కమిలిన మచ్చలు ఒకటి రెండు వారములుంటాయి. కొందరికి చర్మముపై సొట్టలు పడతాయి, కొందరికి దారము పైకి తేలుతుంది, చీము పట్టినవారూ ఉన్నారు. షుగరు అదుపులో లేనివారికి ఆ భయము ఎక్కువ. రక్తము పలుచబడుటకు మాత్రలు వేసుకొనేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. పెండ్లికి కొద్ది వారముల ముందు చేయించుకొని, సొట్ట పడితే దానిని సరిదిద్దుకొనే వ్యవధి ఎక్కడిది?

సూదులు కూడ ఉన్నవి. ఫిల్లరు అనేది గడ్డము ప్రక్కన పడిన గుంటను నింపి, జారిన భాగము కనబడకుండ చేస్తుంది. జారినది మాత్రము అక్కడే ఉంటుంది. ఆ మందు పొరపాటున రక్తనాళములోనికి పోతే చర్మము చచ్చిపోవచ్చు, అరుదుగా చూపు కూడ పోయింది. కనుక బ్యూటీ పార్లరులో వేయించుకోవలసిన సూది కాదిది. సూది లేకుండ గాలి ఒత్తిడితో ఫిల్లరు ఎక్కించే పెన్నులను వాడవద్దని ఎఫ్.డి.ఎ. 2021లోనే హెచ్చరించింది. గడ్డము క్రింది క్రొవ్వును కరిగించే సూదికి 2015లో అనుమతి వచ్చింది, కాని అది క్రొవ్వుకే. చర్మము వదులైనవారిలో క్రొవ్వు కరిగితే సంచి ఖాళీ అయి ఇంకా వ్రేలాడుతుంది.

ముఖ వ్యాయామములను గూర్చి కూడ అనేకులు అడుగుతున్నారు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమువారు 20 వారములు పరీక్షించి చూచిన ఫలితమును 2018లో ప్రకటించారు. 27 మంది స్త్రీలు మొదలుపెడితే చివరివరకు నిలిచినవారు 16 మందే. వారికి చెంపలు కొంచెము నిండినవి గాని దవడ దగ్గర చెప్పుకోదగిన మార్పు లేదు. రోజూ అరగంట మూతి త్రిప్పుకొనే ఓపిక ఉన్నవారు చేసుకోవచ్చు, ఖర్చు లేదు.

ఇప్పుడు క్లినిక్ గోడమీది బొమ్మలలో కనబడని సంగతి ఒకటి. మన పల్లెలలో ముఖపు క్రింది భాగము క్రుంగుటకు పెద్ద కారణము పండ్లు పోవుట. దవడ పండ్లు తీయించుకొని ఊరకుంటే వాటిని పట్టియున్న ఎముక అరిగిపోతుంది. నోరు మూసినప్పుడు గడ్డము ముక్కువైపు ఎక్కుతుంది, బుగ్గలకు లోపల ఆధారము ఉండదు, మూతి ప్రక్కల చర్మము మడతపడుతుంది. ఏ దారమూ దీనిని నిలుపదు. సరియైన ఎత్తులో కట్టిన పండ్లసెట్టు క్రుంగిన మూతిని, బుగ్గలను చాలవరకు తిరిగి నిలుపుతుంది, పైగా జొన్నరొట్టె నమలవచ్చు. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నవి, అక్కడ అడగండి. దారములు వేయించుకొన్నవారు కొన్ని వారములు నోరు పెద్దగా తెరువరాదు, పంటి వైద్యము చేయించుకోరాదు. కనుక ఎవరైనను పండ్ల సంగతి ముందు చూచుకోవాలి.

మరొకటి. రెండు ప్రక్కల ఏండ్ల తరబడి జారినది వయస్సు. ఒకే ప్రక్క, ఒక్క పూటలో మూతి వంకరపోతే అది అందము విషయము కాదు. పక్షవాతము కావచ్చు. చేయి బలహీనపడినా, మాట తడబడినా చెట్టుమందు, పసరు అంటూ కూర్చోక వెంటనే 108కి ఫోను చేయండి. మొదటి నాలుగున్నర గంటలలోపు పెద్దాసుపత్రికి చేరితే రక్తపు గడ్డను కరిగించే సూది ఇచ్చే అవకాశమున్నది. ఇందులో ఆలస్యము చేసిన కుటుంబములను మేమెరుగుదుము.

సహోదరికి మా జవాబు: చీటీ డబ్బు తీయవద్దు. పెండ్లి తరువాత కూడ మనస్సులో ఆ కోరిక ఉంటే చర్మవైద్యునికి చూపించుకోండి. ఆయన పట్టా చర్మవైద్యములోనిదో కాదో అడుగుటకు సిగ్గుపడవద్దు. ఫోటోలవానితో కెమెరా కంటి ఎత్తుకు పెట్టమని చెప్పండి. ఫోను ఒడిలో పెట్టుకొని క్రిందికి చూస్తూ మాట్లాడితే పాతికేండ్ల పిల్లకైనా గడ్డము క్రింద మడత కనబడుతుంది.

మీ ఉత్తరములో పండ్ల సంగతి వ్రాయలేదు. పైన ఎన్ని ఉన్నవో, క్రింద ఎన్ని ఉన్నవో, ఎప్పుడు తీయించుకొన్నారో తిరుగుటపాలో తెలుపగలరు.