గేర్‌బాక్స్ పోతే బండి పోయినట్టు కాదు

"పదేళ్ల బండికి గేర్‌బాక్స్ మీద రెండున్నర లక్షలు పోస్తావా? ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకో." పాత ఆటోమేటిక్ పికప్ ట్రక్కో ఎస్‌యూవీయో ఉన్నవాళ్లకు కొండాపూర్‌లో ఈ సలహా అడక్కుండానే అందుతుంది. సెల్లార్‌లో పక్క ఫ్లాట్ ఆయన చెబుతాడు, ఆఫీసులో మేనేజర్ చెబుతాడు, సర్వీస్ అడ్వైజరూ అదే చెబుతాడు. రిపేరు ఖర్చు బండి రీసేల్ ధరలో మూడో వంతు దాటితే ఆ బండిని వదిలించుకోవాలని ఒక సూత్రం కూడా తయారైంది. అందరి నోటా అదే మాట కాబట్టి నిజమే కాబోలు అనిపిస్తుంది. కానీ అది తప్పు సూత్రం. దాన్ని నమ్మి ఇంజనూ ఛాసీ నిక్షేపంలా ఉన్న బండిని వచ్చినకాడికి అమ్ముకుని, ఐదేళ్ల అప్పు నెత్తికెత్తుకునేవాళ్లు మన మధ్యే ఉన్నారు.

ముందు డబ్బు లెక్క చూద్దాం. పదేళ్ల ఆటోమేటిక్ బండి ఉందనుకుందాం. గేర్‌బాక్స్ బాగుంటే 7 లక్షలు పలుకుతుంది, పాడైతే మూడున్నరకు మించి రాదు. ఓవర్‌హాలింగ్‌కు రెండున్నర లక్షలు అడిగారు. సూత్రం ప్రకారం మూడో వంతు దాటింది కాబట్టి అమ్మేయాలి. అమ్మేశారు. తర్వాత? అదే తరహా కొత్త బండి ఎక్స్ షోరూమ్ ధర 25 లక్షలనుకుంటే, తెలంగాణలో ఆ ధర బండికి లైఫ్ ట్యాక్స్ 18 శాతానికి తగ్గదు. అంటే ట్యాక్సే కనీసం నాలుగున్నర లక్షలు. గేర్‌బాక్స్ బిల్లు కంటే 2 లక్షలు ఎక్కువ, అదీ బండి ఇంకా కొండాపూర్ ఆర్టీఏ ఆఫీసు గేటు దాటకముందే! ఇన్సూరెన్స్ కలిపితే 30 లక్షలు దాటుతుంది. పాత బండి మీద వచ్చిన మూడున్నర, చేతిలోంచి ఇంకో ఆరేడు లక్షలు పోగా 20 లక్షల లోను తీసుకుంటే, 9 శాతం వడ్డీకి ఐదేళ్ల పాటు నెలకు సుమారు 41,500 కిస్తీ. ఆరు నెలల కిస్తీలతో పాత బండి గేర్‌బాక్స్ బిల్లు మొత్తం తీరిపోయేది. మిగతా 54 నెలలు దేనికి కడుతున్నట్టు?

"కొత్తది ఎందుకు, అదే వయసు బండి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోవచ్చుగా" అని కొందరంటారు. తీసుకోండి. పాడైన బండికి మూడున్నర వచ్చింది, బాగున్నదానికి 7 పెట్టాలి. పైన పెట్టేది మూడున్నర, రిపేరుకు అడిగింది రెండున్నర. లక్ష ఎక్కువ ఇచ్చి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు పదేళ్లు తోలిన బండిని, లోపల ఎలా ఉందో తెలియని ఇంకో గేర్‌బాక్స్‌ని తెచ్చుకున్నట్టు. రీసేల్ ధర కొనేవాడికి పనికొచ్చే అంకె. బండిని వాడుకుంటున్నవాడు చూసుకోవలసింది దాని బదులు ఇంకొకటి తెచ్చుకోవాలంటే ఎంతవుతుందన్నది. ఆ రెంటినీ కలిపేయడంలోనే మోసమంతా ఉంది.

ఇక యంత్రం సంగతి. మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో టార్క్ కన్వర్టర్, ప్లానెటరీ గేర్లు, వాటిని పట్టి ఉంచే క్లచ్ ప్యాకులు, నూనె ఒత్తిడిని ఎటు పంపాలో చూసుకునే వాల్వ్ బాడీ, దానిమీద సోలినాయిడ్లు ఉంటాయి. వీటిలో గేర్లూ షాఫ్టులూ హౌసింగూ చాలావరకు బండి ఉన్నన్నాళ్లూ ఉంటాయి. అరిగేవి క్లచ్ ప్లేట్లు, గట్టిపడిపోయేవి రబ్బరు సీళ్లు, మొరాయించేవి సోలినాయిడ్లు. క్లచ్ ప్లేటు చేతిలోకి తీసుకుని చూస్తే విషయం తెలిసిపోతుంది. సన్నటి ఉక్కు చట్రానికి రెండువైపులా కాగితంలాంటి పొర అంటించి ఉంటుంది. కొత్తదైతే లేత గోధుమరంగులో ఉండి నూనె పీలుస్తుంది, కాలినదైతే నల్లబడి గోరు తగలగానే పెచ్చులూడుతుంది. గేర్ జారడం, డీ లోకి వేశాక రెండు క్షణాలు ఆగి బండి కదలడం, మూడు నుంచి నాలుగుకు మారేటప్పుడు కుదుపు, ఇవన్నీ ఎక్కువగా ఆ పొర దగ్గరో, దానికి ఒత్తిడి పంపే వాల్వ్ బాడీ దగ్గరో మొదలయ్యేవే. వీటికోసం గేర్‌బాక్స్ అసెంబ్లీ మొత్తం మార్చాలనడం, అది కుదరకపోతే బండినే మార్చాలనడం ఏ ఇంజనీరింగ్ పుస్తకమూ ఒప్పుకోదు.

అడుగున ఉండే పాన్ విప్పితే సగం జాతకం అక్కడే కనిపిస్తుంది. అందులో చిన్న అయస్కాంతాలుంటాయి. వాటికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉంటే అది వయసుతో వచ్చే మామూలు అరుగుదల. ఇనుప తునకలూ పెళుకులూ దొరికితే లోపల గట్టి భాగం ఏదో విరిగిందని అర్థం. నూనె నల్లబడి మాడువాసన వస్తే ప్లేట్లు కాలాయి. ఈ పరీక్షకు కొన్ని గంటలు చాలు. కంప్యూటర్ తగిలించి, ఒక కోడ్ చదివి, పాన్ కూడా విప్పకుండా అసెంబ్లీ ఎస్టిమేట్ రాసిచ్చే చోట అది రోగనిర్ధారణ కాదు, అమ్మకం. సోలినాయిడ్‌తో పోయేదానికి లక్షలు అడిగితే ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సిన పనిలేదు.

అసలు ఇన్ని గేర్‌బాక్సులు ఇక్కడ ఎందుకు పాడవుతున్నాయి? కొత్తగూడ నుంచి గచ్చిబౌలి దాకా సాయంత్రం ఏడు గంటలప్పుడు ఒక్కసారి వెళ్లినా చాలు. 2023 జనవరిలో కొత్తగూడ ఫ్లైఓవర్ తెరిచారు, 2025 జూన్‌లో ఔటర్ రింగురోడ్డు నుంచి కొండాపూర్ దాకా ఇంకొకటి వచ్చింది. అయినా కింద సిగ్నళ్ల దగ్గర ఆగుతూ కదులుతూ పోవడం తప్పలేదు. ఆగిన ప్రతిసారీ టార్క్ కన్వర్టర్‌లో నూనె చిలికినట్టై వేడెక్కుతుంది. వేడెక్కేకొద్దీ నూనె ఆయుష్షు తగ్గుతుంది, నూనె పోతే ప్లేట్లు పోతాయి. ఇంత కఠినంగా వాడే బండికి చాలా కంపెనీల మాన్యువల్‌లో నూనె మార్పు ఊసే ఉండదు, "జీవితకాలం సరిపోతుంది" అని రాసి ఉంటుంది. ఎవరి జీవితకాలం? బీఎండబ్ల్యూ లాంటి కార్లకు గేర్‌బాక్సులు తయారుచేసే జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ స్వయంగా 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు నూనె మార్చాలని చెబుతోంది. గేర్‌బాక్స్ తయారుచేసినవాడి మాటకూ బండి అమ్మినవాడి మాటకూ తేడా వస్తే నేను తయారుచేసినవాడి వైపే ఉంటాను. నూనె మార్పుకు అయ్యే వేలు మిగిల్చి లక్షల బిల్లు తెచ్చుకున్నవాళ్లకు, ఆ బిల్లు "ఆటోమేటిక్ అంటేనే ఇంత" అనిపిస్తోంది. వాళ్ల తప్పు లేదు. వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

ఆటోమేటిక్ అంటే ఉన్న భయం ఊరికే పుట్టలేదని కూడా ఒప్పుకోవాలి. ఫోక్స్‌వాగన్ ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ గేర్‌బాక్స్ మీద చైనాలో గొడవై 2013లో 3.84 లక్షల బండ్లు వెనక్కి పిలిపించారు, అదే ఏడాది నవంబరులో ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల బండ్లకు రీకాల్ ప్రకటించారు. ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్సుల ఫిర్యాదులను పట్టించుకున్న తీరుకు 2018లో ఆస్ట్రేలియాలో కోటి డాలర్ల జరిమానా పడింది. ఈ రెండు రకాలూ మన రోడ్ల మీదికీ వచ్చాయి. కానీ అవి డ్యూయల్ క్లచ్‌లు, వాటి రోగాలు వేరు. ఇన్నోవా క్రిస్టా, ఎక్స్‌యూవీ 500, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ పికప్ లాంటివాటిలో ఉన్నది టార్క్ కన్వర్టర్ రకం. 2014లో సెలేరియోతో మారుతి తెచ్చిన ఏఎంటీ అయితే మాన్యువల్ గేర్‌బాక్స్‌కే యాక్చువేటర్లు తగిలించిన ఏర్పాటు. మూడింటినీ ఒకే గాటన కట్టి "ఆటోమేటిక్ పోతే ఇక అంతే" అనడం అజ్ఞానం.

బిల్లు నిజంగానే ఎక్కువగా ఉందంటారా? ఉంది. దానికి కారణం యంత్రం మాత్రమే కాదు, దాని విడిభాగాలకు వేసిన తాళం. 2014 ఆగస్టు 25న కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి రూ. 2,544 కోట్ల జరిమానా వేసింది. స్పేర్ పార్టులను, డయాగ్నస్టిక్ పరికరాలను, రిపేరు మాన్యువళ్లను బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదన్నది అభియోగం. పార్టులు బహిరంగ మార్కెట్లో అమ్మాలని, బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దని గంపగుత్తగా షరతు పెట్టకూడదని కమిషన్ ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, ఏళ్లు గడిచాయి. ఇప్పటికీ వాల్వ్ బాడీ ఒక్కటీ విడిగా కావాలంటే "అసెంబ్లీగానే వస్తుంది సార్" అనే జవాబు వినిపిస్తూనే ఉంది. ఎంత ఖర్చవుతుందో నిర్ణయించేవాళ్లే "అంత ఖర్చెందుకు, అమ్మేయండి" అని సలహా కూడా ఇస్తుంటే దాన్ని శ్రేయోభిలాషి మాటగా తీసుకోలేం.

ఇంకో అపోహ, డీజిల్ బండికి పదేళ్లే ఆయుష్షని. అది ఢిల్లీ పరిసరాల కోసం వచ్చిన ఆదేశం, తెలంగాణకు వర్తించదు. ఇక్కడ సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆపైన ఫిట్‌నెస్ నెగ్గితే ఐదేళ్లకోసారి రెన్యువల్. పదో ఏట గేర్‌బాక్స్ బాగుచేయించిన బండికి ముందున్న కాలం తక్కువేం కాదు.

బాగుచేయించకూడని బండ్లూ ఉన్నాయి. వరదలో మునిగినవి, ఛాసీ తుప్పుపట్టినవి, ఇంజను కూడా పొగ కక్కుతున్నవి. 2008లో వచ్చిన స్కార్పియో ఆటోమేటిక్‌లో డీఎస్‌ఐ అనే ఆస్ట్రేలియా కంపెనీ గేర్‌బాక్స్ ఉండేది. మరుసటి ఏడాదే ఆ కంపెనీ దివాలా తీసి చేతులు మారింది. అలాంటిదానికి పార్టులు ముందు చేతికొచ్చాకే విప్పించాలి. మెకానిక్‌ల విషయంలోనూ అందరినీ వెనకేసుకురాను. టార్క్ కన్వర్టర్ అలాగే ఉంచి, కూలర్ పైపులు కడగకుండా ప్లేట్లు మాత్రం మార్చేవాడు ఉన్నాడు. పాత పెళుకులు కూలర్‌లోంచి తిరిగొచ్చి కొత్త ప్లేట్లను తింటాయి. అసలు ఒత్తిడి తగ్గించిన సోలినాయిడ్‌ను వదిలేస్తే ప్లేట్లు మళ్లీ కాలతాయి. "ఓవర్‌హాలింగ్ చేయించినా నిలవలేదు" అనే కథల్లో చాలావాటి వెనకున్నది ఇదే.

అయితే ఆ విద్య మనకు రాదనే మాట ఒప్పుకోను. విజయవాడ ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్స్ విప్పి బేరింగులు మార్చి బిగించి పంపడం తరాల నాటి పని. ఏ లారీ ఓనరూ గేర్‌బాక్స్ పోయిందని లారీ అమ్ముకోలేదు. ఇంజను బోరు చేయించి ఇంకో ఐదేళ్లు తోలినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. అమెరికాలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ రీబిల్డింగ్ ఎప్పటినుంచో ప్రత్యేక వృత్తి, మెకానిక్‌లకు దానికంటూ విడిగా ఒక సర్టిఫికేషన్ పరీక్ష ఉంది. డల్లాస్‌లో ఉన్న కొడుకు పాత ట్రక్కుకు గేర్‌బాక్స్ రీబిల్డ్ చేయించుకుంటే తెలివైన పని, కొండాపూర్‌లో తండ్రి చేయించుకుంటే చాదస్తం ఎలా అవుతుంది?

గేర్‌బాక్స్ పోయిందని చెప్పిన రోజే బండి అమ్మకండి. పాన్ విప్పించి, పక్కన నిలబడి చూడండి. ఎస్టిమేట్ ఐటమ్ వారీగా రాయించుకోండి, టార్క్ కన్వర్టర్, కూలర్ ఫ్లష్ అందులో ఉన్నాయో లేదో అడగండి, మార్చిన పాత పార్టులు చేతికివ్వమనండి, ఆరు నెలలకో ఏడాదికో వారంటీ బిల్లు మీదే రాయించండి. మరో చోట ఇంకో ఎస్టిమేట్ తీసుకోండి. పార్టు విడిగా అమ్మం అన్నా, బయట చేయిస్తే వారంటీ మొత్తం పోతుందన్నా ఆ మాట రాతపూర్వకంగా అడిగి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.